గద్దల పేపరు

మా వీధిలో నన్ను పేపరమ్మ అంటారు. పొద్దున్నే ఇంటింటికీ పేపర్లు వేసే మనిషిని కాదు, పాత పేపర్లు కిలోల లెక్కన తూచి కొనే మనిషినీ కాదు. రెండోదాన్ననుకుని ఇంట్లో పోగుపడ్డ చెత్తంతా గోతాంలో కుక్కుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మీద నాలుగు కేకలేస్తేగాని నాకు పొద్దు మొదలైనట్టుండదు. నా పని వేరు. పాత పత్రికలు పోగుచేసి దాచుకునే పిచ్చివాళ్లు కొందరుంటారు. ఫలానా తేదీ పేపరు వాళ్ల దగ్గర ఎంత పలుకుతుందో చూసి చెప్పడం నా వృత్తి.

ఈ పనిలో నిజం చెప్పడమంటే తెచ్చినవాళ్ల మొహం మాడ్చడమే. అందరూ పెద్ద రోజుల పేపర్లే తెస్తారు. యుద్ధం ముగిసిన రోజు, మహానాయకుడెవరో పోయిన రోజు, మనిషి చంద్రుడి మీద దిగిన రోజు. "ఇలాంటిది మీకు ఎక్కడా దొరకదండీ" అంటారు. దొరకకపోవడమేమిటి, ప్రతి ఇంట్లోనూ బీరువా అడుగున బట్టల కింద అదే ఉంటుంది. అందరూ దాచుకున్నదాన్ని ఎవరు కొంటారు? కాకి పిల్ల కాకికి ముద్దు. ఆ ముద్దుకు బజార్లో వెల కట్టరు. కొందరు మరీ ప్రేమ ఎక్కువై చిరుగులకు టేపు అంటించి, పైన ప్లాస్టిక్ తొడుగు వేయించి తెస్తారు. ఆ ప్రేమతోనే దాని గొంతు నులిమేశారని చెబితే నా మీద కోపం తెచ్చుకుంటారు.

వెల ఉండేది ఎవరూ దాచనిదానికి. లేదా, దాచుకోనివ్వకుండా వెనక్కి లాక్కున్నదానికి. గద్దల పేపరు అలాంటిది.

దాని కథ ఈ వ్యాపారంలో ఉన్న ప్రతివాళ్లకూ నోటికి వచ్చు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే చేత్తో పేర్చి అచ్చువేసే కాలం అది. ఒక పత్రికలో ఒకే పేజీలో రెండు వార్తలు పక్కపక్కన పడ్డాయి. ఒకటి ఏదో కొత్త భవనం ప్రారంభోత్సవం. రెండోది ఊరి చివర చెత్తకుప్పల దగ్గర గద్దల బెడద. పొద్దున్నే పేపరు విప్పినవాళ్లకు కనిపించింది ఇది: "వేదికను అలంకరించిన గద్దలు ఒకరి తరువాత ఒకరు ప్రసంగించారు." పక్క కాలమ్‌లో, సరిగ్గా అదే ఎత్తులో: "చెత్తకుప్పల మీద పెద్దలు గుంపులుగా వాలి, దొరికినది దొరికినట్టు ఎత్తుకుపోతున్నాయి." పెద్దలు ఎత్తుకు'పోతున్నాయి' అట! మర్యాద మాట దేవుడెరుగు, మనుషుల లెక్కలోంచే తీసేసినట్టయింది. ఊరు ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ వేదికెక్కిన పెద్దల్లో పత్రిక యజమాని కూడా ఉన్నాడు. ఆయన మనుషుల్ని పంపి, ఇంటింటికీ తిరిగి పేపర్లు వెనక్కి తెప్పించి, పెరట్లో తగలబెట్టించాడు. అచ్చుకు ముందు తప్పులు దిద్దే ప్రూఫ్ రీడర్‌ను ఆ పూటే ఉద్యోగంలోంచి పంపించేశాడు. ఒక్క తప్పయితే పొరపాటనుకునేవారేమో. రెండు మాటలు అంత చక్కగా ఒకదాని చోటికి ఒకటి మారిపోవడం చూసి, ఇది కావాలని చేసిన వెటకారమేనని అందరూ తీర్మానించారు.

తగలబడకుండా మిగిలినవి ఎన్నో ఎవరికీ తెలియదు. నేను నా జన్మలో ఒక్కటే చూశాను, అదీ ఇంకో వ్యాపారి దగ్గర. బతిమాలి దాని ఫొటో తీసుకున్నాను. మా సందు చివర హోటలాయన దానికోసం ఎన్నాళ్లుగానో నా ప్రాణం తీస్తున్నాడు. గల్లాపెట్టె వెనక గోడకు తగిలిస్తాడట. "బిల్లు కట్టేటప్పుడు జనం ఏడుపు మొహం పెడుతున్నారు పేపరమ్మా. అది చూస్తే నవ్వుకుంటూ కడతారు" అంటాడు.

అందుకే, "ఆ ప్రూఫ్ రీడర్ మా నాన్నండీ" అని ఒకమ్మాయి ఫోన్ చేసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది దాని వెలే. వ్యాపారిని, అబద్ధమెందుకు? తల్లిని తన ఇంటికి తెచ్చుకుంటూ సామాను సర్దుతుంటే, పోయిన తండ్రి రేకు పెట్టె అడుగున మడతపెట్టిన కాగితం ఒకటి దొరికిందనీ, పైకి పత్రిక పేరూ ఆ తేదీ కనిపిస్తున్నాయనీ చెప్పింది. "విప్పకు. వేలే కాదు, గాలి కూడా తగలనివ్వకు. పెట్టెతో సహా ఉన్నది ఉన్నట్టు పట్రా" అన్నాను.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది. అమ్మాయంటే నా కళ్లకు అమ్మాయేగాని, చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. వెనకాల భుజం మీద పెట్టె మోసుకుంటూ ఒక పెద్దాయన. సన్నగా, పొట్టిగా, ఇస్త్రీ చొక్కాలో బుద్ధిగా ఉన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వాటిని జతగా గోడ పక్కకు జరిపాడు. ఇలాంటివాళ్లు తెచ్చే కాగితాలు మడతలు నలగకుండా ఉంటాయని నా అనుభవం.

"మా మామయ్యండీ, అమ్మకి తమ్ముడు" అని పరిచయం చేసింది. "ఈయనా ప్రెస్సు మనిషే. ఆహ్వాన పత్రికలు వేసే ప్రెస్‌లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఎడం మామయ్యా, పెట్టె ఇక్కడ దించు."

"ఎడం మామయ్యేమిటి?" అన్నాను. నా నోరు ఊరుకోదు. ఆయన చూస్తే టీ గ్లాసు కుడిచేత్తోనే అందుకున్నాడు.

"నాన్న పెట్టిన పేరండీ. 'ఎడమయ్యా, ఎడమయ్యా' అని పిలిచేవాడు. ఎందుకో ఎవరికీ తెలీదు. అడిగినవాళ్లకల్లా ఒక్కో కారణం చెప్పేవాడు. ఎప్పుడూ నా ఎడమ పక్కన కూర్చుంటాడు కాబట్టి అని నాతో అన్నాడు. ఎడమ దవడతో నములుతాడు కాబట్టి అని అమ్మతో."

"సైకిల్ ఎడమ వైపు నుంచి ఎక్కుతావు కాబట్టి అని నాతో అన్నాడు బావ" అన్నాడు పెద్దాయన మెల్లగా.

"లోకమంతా అటునుంచే కదా ఎక్కేది!"

"నేనూ అదే అన్నానమ్మా. చిన్నగా నవ్వి ఊరుకున్నాడు."

నా బల్ల కిటికీ పక్కన ఉంటుంది. దాని మీద తెల్లగుడ్డ పరిచి, భూతద్దం, నున్నటి చెక్కబద్ద సర్దుకుంటూ, "అమ్మేద్దామనేనా? మా సందు చివర హోటలాయన దీనికోసం కాచుకుని ఉన్నాడు" అన్నాను.

"అది మీరు చెప్పేదాన్ని బట్టి ఉంటుందండీ" అంది ఆమె. "నేను కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్ష చేస్తాను. నాన్న కళ్లు కూడా నేనే చూసేదాన్ని. చివరిదాకా ఆ అక్షరాల అట్ట మీద అట్టడుగు వరస చదివేవాడు. దాని కింద చీమ తలంత అక్షరాల్లో కంపెనీ పేరుంటుంది చూడండి, అదీ చదివి, అందులో ఒక కామా ఎక్కువైందనేవాడు. అలాంటి మనిషి కంటికి అంత తప్పు ఎలా ఆనలేదు? ఊళ్లోవాళ్లేమో కావాలనే చేశాడు, మొనగాడు అంటారు. అమ్మేమో పరధ్యానం మనిషి, సంసారాన్ని ముంచాడు అంటుంది. నిన్న కూడా అంది. ఉద్యోగం పోయాక నాన్న మందు సీసాల లేబుళ్లకి ప్రూఫులు దిద్దుకుంటూ బతికాడండీ. అడిగితే 'పోయిన అక్షరం పోయింది, నీ అన్నం నువ్వు తిను' అనేవాడు."

"ఆయనకు వెటకారం అలవాటేనా?"

"మా నాన్నకా! జోకులే రావండీ. ఎవరైనా జోకు చెబితే అందులో వ్యాకరణం దిద్దేవాడు."

నవ్వబోయి ఆగాను. ఆమె మొహంలో నవ్వు లేదు.

"కావాలని చేసుంటే దీన్ని అమ్మను, మా ఇంట్లో గోడకి పెట్టుకుంటాను. పరధ్యానంతో చేసుంటే ఆ హోటలాయనకే ఇచ్చెయ్యండి. మళ్లీ నా కంటపడకూడదు. ఏదో ఒకటి తేలాలండీ. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా గర్వపడాలో జాలిపడాలో తెలీక చస్తున్నాను."

పేపరు వెల చెప్పమంటే చెబుతానుగాని, పోయిన మనిషి మనసులో ఏముందో ఎలా చెప్పను? కానీ, "మీరు చూస్తే తెలుస్తుందని అందరూ అన్నారు" అనేసరికి ఉబ్బిపోయాను. పొగడ్తకు పడనిదాన్నని చెప్పుకుంటానుగాని, అదంతా ఉత్తిదే.

పెద్దాయన మాత్రం కుర్చీ అంచున ముళ్ల మీద ఉన్నట్టు కూర్చున్నాడు. "అమ్మేయ్ తల్లీ. ఎందుకిదంతా తవ్వుకోవడం? కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది" అన్నాడు. టీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ, "అది పెట్టెలోనే ఉందా ఇన్నాళ్లూ? ఇంట్లోనేనా?" అన్నాడు.

"దారిలో కూడా ఇదే అడిగావు మామయ్యా."

కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టాను. ఎత్తగానే ఏదో తేడా అనిపించింది. ఆ రోజుల్లో ఆ పత్రిక నాలుగు పేజీలు. మడతలో కనీసం రెండు రేకుల దళసరి ఉండాలి. ఇది ఒంటిరేకు. సరే, మిగతా రేకు పోయుంటుందనుకున్నాను. పోతే వెల సగానికి పడుతుందని లోపల లెక్క వేసుకుంటూ, చెక్కబద్దతో మడత కింద నెమ్మదిగా పైకి లేపుతూ విప్పాను. అచ్చు పైవైపుకు ఉండేలా మడిచారు. లోపలివైపు ఏమీ లేదు. టీ మరకలాంటి రంగు తప్ప ఒక్క అక్షరం లేదు. వేలి చివరతో తడిమి చూశాను. అవతలివైపు అక్షరాలు నొక్కుకుని ఇటువైపుకు బొప్పి కట్టినట్టు తగిలాయి.

"వెనక పేజీ ఏదండీ?" అంది ఆమె.

"వెనక పేజీ లేదు. ఇది పేపరు కాదమ్మా."

"నకిలీదా?"

"నకిలీదీ కాదు. ఇది ప్రూఫ్. అచ్చుకు ముందు, పేర్చిన అక్షరాలకు సిరా పూసి, మీద ఒక కాగితం పెట్టి నొక్కి తీస్తారు. తప్పులు చూడ్డానికే కాబట్టి ఒకవైపే ఉంటుంది. మీ నాన్నగారి బల్ల మీదకు వచ్చింది ఇదే."

ఆమె వంగి గబగబా వెతికింది. కుడి కాలమ్‌లో ప్రారంభోత్సవం వార్త దొరికింది. "వేదికను అలంకరించిన పెద్దలు" అని పైకి చదివింది. మళ్లీ చదివింది. "పెద్దలు అనే ఉంది. గద్దలు లేవే!"

నేను భూతద్దం ఎడమ కాలమ్ మీదకు జరిపాను. చెత్తకుప్పల వార్త. "చెత్తకుప్పల మీద పెద్దలు" అని ఉంది. ఆ 'పె' మీద ఎర్రసిరాతో ఒక గీత. గీత చివర, అంచున ఖాళీలో, గుండ్రంగా, బడిపిల్లలు కూడా చదవగలిగినంత స్పష్టంగా ఒకే ఒక అక్షరం: గ. పేజీ మొత్తంలో ఇంకో ఎర్రచుక్క లేదు. అడుగున ఆయన పొట్టి సంతకం.

నా దగ్గరున్న ఫొటో తీసి పక్కన పెట్టాను. అచ్చయిన పేపరులో చెత్తకుప్ప మీద పెద్దలు అలాగే ఉన్నారు, వేదిక మీద పెద్దలు గద్దలయ్యారు. రెండూ చూస్తుంటే ఒక్కసారిగా విషయం నా బుర్రకెక్కింది. ఆ తెలిసిన సంబరంలో నా నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

"ఓసి నా తల్లీ! మీ నాన్న వెటకారమూ చెయ్యలేదు, పరధ్యానమూ లేదు! ఉన్నది ఒక్క తప్పు. పట్టుకున్నాడు. సరిగ్గా దిద్దాడు. ఆ దిద్దుబాటు తీసుకెళ్లినవాడు పక్క కాలమ్‌లో పెట్టాడు. రబ్బరు స్టాంపు ఎప్పుడైనా తిరగేసి చూశావా? అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు ఉంటాయి. సీసపు అక్షరాల పేజీ కూడా అంతే. కాగితం మీద ఎడమ పక్క ఉన్నది అక్కడ కుడి పక్క ఉంటుంది. అక్షరాలు పేర్చే కంపోజిటర్ వెధవ కాగితంలో ఎడమ పక్క గీత చూసి, అక్కడా ఎడమ పక్కే చెయ్యి పెట్టాడు. వాడి ఖర్మకొద్దీ అక్కడా అదే ఎత్తులో 'పెద్దలు' ఉంది. పె పీకి గ పెట్టాడు. ఓనమాలు రాని ఎడ్డిమొహాన్ని ఎవడు పెట్టుకున్నాడో పనిలో! వాడి చెయ్యి పడిపోను, ఒక సంసారాన్ని..."

"ఆ ఎడ్డిమొహం నాదేనమ్మా" అన్నాడు పెద్దాయన.

నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ మొత్తుకునేది. వినలేదు నేను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టడానికి చోటు వెతుకుతున్నాడు. బల్ల మీద కాగితం ఉంది కాబట్టి అక్కడ పెట్టకూడదని ఆ స్థితిలో కూడా ఆయనకు తోచింది. వంగి నేల మీద పెట్టాడు.

"చేరి నెల తిరగలేదు. బావే పూచీ పడి చేర్పించాడు. మిషన్ తిప్పాలని అవతలివాళ్లు అరుస్తున్నారు. బావ ప్రూఫ్ చేతికిచ్చి 'ఒక్కటే రా, గ' అన్నాడు. గ పట్టుకుని పరిగెత్తాను. ఈవిడ చెప్పినట్టే చేశాను, అచ్చం అలాగే. ప్రూఫ్ తెచ్చి బావ బల్ల మీద పడేశాను. రెండోసారి ప్రూఫ్ తీసే వ్యవధి లేదు. పొద్దున్న పేపరు చూసి చెబుదామనే వెళ్లాను తల్లీ, ఒట్టు. అప్పటికే బావ లోపల ఒప్పేసుకున్నాడు. ప్రూఫ్ ఏదయ్యా అంటే పారేశాను, తప్పు నా కంట పడలేదు అన్నాడట. నేను నమ్మాను. నిజంగానే తన కన్ను తప్పిందనుకుంటున్నాడు, తను గ ఎక్కడ రాశాడో తనకే గుర్తు లేదనుకున్నాను."

"నువ్వు చెప్పలేదు."

"లేదు. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. బావ పోయేదాకా ఆ రేపు రాలేదు."

ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది నాకు.

"అమ్మ నాన్నని ఎన్ని మాటలంది మామయ్యా! కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అనేది. నువ్వు పక్కనే కూర్చుని తినేవాడివి. ముద్ద ఎలా దిగింది నీకు?"

"దిగేది కాదు. అందుకే నీ పక్కకొచ్చి కూర్చునేవాణ్ని. నువ్వు ఏదో ఒకటి వాగుతుంటే ఆ మాటలు వినపడేవి కావు." ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "నా బాధ అది కాదు తల్లీ ఇప్పుడు. ఈ కాగితం బావ దగ్గరే ఉంది. ఇంట్లోనే, పెట్టెలోనే ఉంది. అంటే ఆయనకి తెలుసు. ఆ రోజే తెలుసు. తెలిసీ నాతో కూర్చుని టీ తాగాడు. నా పెళ్లికి పెద్దరికం చేశాడు. ఒక్కసారి, ఒక్కసారన్నా కోపంతో ఒక మాట అనుంటే..."

నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. అవతల మేడ మీద ఎవరో దుప్పట్లు దులుపుతున్నారు. ఈ గదిలో నేనొక్కదాన్ని ఎక్కువయ్యాను, కానీ గది నాది, ఎక్కడికి పోను?

"అన్నాడు" అంది ఆమె ఉన్నట్టుండి.

"ఏంటి?"

"అన్నాడు మామయ్యా. రోజూ అన్నాడు." ఆమె వేలు ప్రూఫ్ మీద, ఆ ఎర్రగీత పైన గాలిలో ఆగింది. నేను తాకొద్దన్న మాట ఇంకా గుర్తుంది పిల్లకు. "ఎడమయ్యా అని."

పెద్దాయన ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత తన చేతులకేసి చూసుకున్నాడు. కుడిది చూసి, ఎడమది చూసి, మళ్లీ ప్రూఫ్‌లో ఎడమ కాలమ్ చూశాడు. ఆయన పెదవులు 'సైకిల్' అన్నట్టు కదిలాయి. ఆ తర్వాత ఆయన నుంచి వచ్చింది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. భుజాలు మాత్రం కదిలిపోయాయి.

"జోకులు రావన్నాను నాన్నకి" అంది ఆమె. కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే పెదవుల మీద నవ్వు నిలిచింది. "ఉన్నది ఒక్క జోకు. ఇంటిల్లిపాదికీ రోజూ చెప్పాడు. ఒక్కళ్లకీ అర్థం కాలేదు."

నేను కాగితం మీద చుక్క పడకుండా బల్ల కాస్త వెనక్కి లాక్కున్నాను. ఏం చెయ్యను, చేతి అలవాటు. నా కళ్లు కూడా తడిశాయని దాచుకోవడానికి భూతద్దం తుడిచాను.

చాలాసేపటికి ఆమె కూర్చుంది. "ఇంతకీ దీని వెల చెప్పలేదు మీరు" అంది.

"హోటలాయనైతే దీనికి ఒక టీ కూడా పొయ్యడు. ఆయనకు కావలసింది నవ్వు. ఇందులో నవ్వేముంది? ఒక తప్పు, దానికొక దిద్దుబాటు." చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఊగాను. నా అన్నం నిజం మీద నడుస్తుంది, చెప్పక తప్పదు. "కానీ అచ్చయిన పేపరు ఉన్నవాడు ఒకాయన ఉన్నాడు. ఆ పేపరు పక్కన ఇది పెడితే, అసలు సంగతి తెలిస్తే, నేను ఇన్నాళ్లలో చెప్పిన ఏ వెలా దీనికి సాటి రాదు. ఇలాంటి జత ఎవరి దగ్గరా లేదు. అయితే కథతో సహా అమ్మాలి. ఎవరు దిద్దారు, ఎవరు తారుమారు చేశారు, అంతా."

"అమ్మెయ్" అన్నాడు పెద్దాయన వెంటనే. "నా పేరుతో సహా అమ్ము. గోడకి తగిలించుకోమను. కింద నా ఫొటో కూడా పెట్టుకోమను. బావ మొహాన పడ్డ మసి పోతే చాలు."

ఆమె ఆయన వంక చూసింది, కాగితం వంక చూసింది. "ఆ రోజు దీన్ని యజమాని బల్ల మీద పెట్టుంటే నాన్న ఉద్యోగం నిలిచేది. పరువు నిలిచేది. అమ్మ దగ్గర మాట పడేది కాదు. అంత వెల వచ్చిన రోజునే ఆయన అమ్మలేదు" అంది. "ఇప్పుడు నేనమ్మితే ఏం బాగుంటుందండీ?"

ఇన్నేళ్లుగా వెలలు కడుతున్నాను. ఆ లెక్క నాకు తట్టలేదు.

పాత మడతల మీదే మళ్లీ మడిచి, మంచి కాగితం చుట్టి ఇచ్చాను. టేపు అంటించొద్దు, ప్లాస్టిక్ తొడుగు వేయించొద్దు, ఎండ తగలనివ్వొద్దు అని మూడుసార్లు చెప్పాను. చూసినందుకు ఏమివ్వాలని అడిగితే కసిరాను. పెద్దాయన దగ్గరకు వెళ్లి, "నా నోరు మంచిది కాదండీ. పట్టించుకోకండి" అన్నాను.

"మీరన్నది నిజమేగా అమ్మా. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు అంటే బాగుండుననే ఎదురుచూశాను."

"మామయ్యా" అంది ఆమె గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. "అమ్మకి చెప్పాలి."

"చెబుతాను."

"రేపు కాదు."

"ఇవాళే. ఇప్పుడే. అక్క చీపురు తిరగేసినా సరే." ఆయన పెట్టె భుజానికెత్తుకున్నాడు. కాగితం ఆమె చేతుల్లో ఉంది. రేకు పెట్టె ఉత్తిదే, అయినా వచ్చినప్పటికంటే బరువుగా ఉన్నట్టు మోశాడు.

"అయితే పద ఎడం మామయ్యా. బస్సు స్టాపుకి కుడివైపు తిరగాలి. కుడి, గుర్తుందా?" అంది. ఆ ఎత్తిపొడుపులో నేనెన్నడూ చూడని ఆ ప్రూఫ్ రీడర్ గొంతు విన్నట్టనిపించింది నాకు.

నేను వీధి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాను. పెద్దాయన తల వంచుకుని, అక్కకు ఏం చెప్పాలో లోపల్లోపల పేర్చుకుంటూ కాబోలు, మెట్లు దిగి తిన్నగా ఎడమకు తిరిగాడు. అటు వెళితే సందంతా చుట్టుకుని, హోటల్ ముందు నుంచి పోవాలి. ఆమె పిలవడానికి నోరు తెరిచింది.

పిలవలేదు. దిద్దలేదు. కాగితం గుండెలకు ఆనించుకుని ఆయన వెనకాలే నడిచింది.